పుస్తకంలో ఉందా, లోకంలో ఉందా

మేడమ్ గారు పోయారన్న సంగతి నాకు గాజువాక బస్టాపులో తెలిసింది. నేను పాఠాలు చెబుతున్న కోచింగ్ సెంటరుకి బయల్దేరి బస్సు కోసం నిలబడి ఉన్నాను. వాళ్ళ చెల్లెలి నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆవిడ ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు. ఎత్తకముందే నాకు సగం అర్థమైంది.

"అక్క ఎల్లిపోనాదమ్మా," అంది. "పొద్దున్నే లేచి టీ అడిగింది. నాను పెట్టి తెచ్చీసరికి..." నా ముందు బస్సు ఆగింది, జనం ఎక్కారు, కదిలిపోయింది. నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని అక్కడే ఉండిపోయాను.

మీలో ఎవరూ ఆవిడని ఎరిగి ఉండరు. పోర్టు పక్కనున్న పాత పేట వన్ టౌన్‌లో పుట్టి అక్కడే పెరిగి, ఒక ఆడపిల్లల కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయిన చెల్లెలితో కలిసి తాతల నాటి ఇంట్లోనే ఉండేవారు. పుస్తకాలు రాయలేదు, సభల్లో మాట్లాడలేదు. నిజానికి నేను ఆవిడ దగ్గర కాలేజీలో చదువుకోలేదు కూడా. అయినా నీ గురువెవరని ఎవరైనా అడిగితే నాకు ముందుగా తోచేది ఆవిడ ముఖమే.

మాకు పరిచయమైంది ఒక చిత్రమైన ఉద్యోగంలో. గాజువాకలో టైల్స్ షాపు పైనున్న చిన్న ఆఫీసు అది. డిగ్రీ పిల్లల కోసం ఫోన్లో పాఠాలు తయారుచేసే కంపెనీ ఒకటి మాకు పని ఇచ్చింది. రెండు వందల ఏళ్ళు పైబడిన ఒక అర్థశాస్త్ర గ్రంథాన్ని కంప్యూటర్ ప్రోగ్రాం చదువుతుంది. చదివి, అందులోంచి ముఖ్యమైన భావనలను ఏరి పెడుతుంది. ప్రతి భావనకీ ఒక పేరు, తెలుగులో రెండు మూడు వాక్యాల వివరణ, పక్కనే అది ఏ పేరాలోంచి వచ్చిందో ఆ పేరా. మేము చదివి, అది సరైన భావన అవునో కాదో తేల్చాలి. బాగుంటే 'బాగుంది', కొంచెం తేడా ఉంటే 'సరిచేయాలి', పనికిరాకపోతే 'వద్దు' అని నొక్కాలి. ఆ ప్రోగ్రాంని మేమంతా 'మిషన్' అనేవాళ్ళం.

నేను ఎం.ఏ. ఎకనామిక్స్ చేసి ఖాళీగా ఉన్న రోజులవి. చేరిన కొత్తలో నేను చాలా వేగంగా నొక్కేదాన్ని. మిషన్ రాసిన వాక్యాలు నున్నగా ఉండేవి. నున్నగా ఉన్నదల్లా నిజమనిపించేది.

మేడమ్ చేరిన మొదటి రోజు నా పక్క కుర్చీలో కూర్చున్నారు. నేత చీర, భుజానికి గుడ్డ సంచీ, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళద్దాలు. కాసేపు నా స్క్రీన్ వైపు చూసి అడిగారు.

"ఏటమ్మా, పేరా సదవకుండానే నొక్కేత్తన్నావు?"

"వివరణ బాగానే ఉంది కదండీ."

"ముందు తల్లిని సూడాలి, తర్వాత పిల్లని. తల్లి పోలిక ఏటీ లేకపోతే అది ఎవరి పిల్లో ఎలా తెలుస్తాది?"

తల్లి అంటే అసలు పేరా. పిల్ల అంటే మిషన్ రాసిన వివరణ. ఆవిడ వివరణ కనపడకుండా స్క్రీన్‌కి కుడివైపు ఒక కాగితం అడ్డం పెట్టుకునేవారు. పేరా మొత్తం పెదాలు కదిలిస్తూ చదివి, అందులో ఏముందో తన మాటల్లో చెప్పుకుని, ఆ తర్వాతే కాగితం తీసేవారు. క్లాసులో చెప్పేటప్పుడు పుస్తకాల తెలుగే మాట్లాడేవారట. నాతో మాత్రం వన్ టౌన్ భాషే ఎక్కువ. గట్టిగా వాదించాల్సి వచ్చినప్పుడు మళ్ళీ పుస్తకాల తెలుగులోకి వెళ్ళిపోయేవారు. అందుకని ఆవిడ "చూడు" అన్నారంటే నేను సర్దుకుని కూర్చునేదాన్ని.

ఒకసారి మిషన్ 'సముద్ర రవాణా' అని ఒక భావన తీసింది. ఓడల మీద సరుకు తక్కువ ఖర్చుతో దూర దేశాలకు చేరుతుందని వివరణ. నాకు తప్పేమీ కనపడలేదు. మేడమ్ 'వద్దు' నొక్కారు.

"ఎందుకండీ? పేరాలో ఓడల గురించే ఉంది కదా."

"ఓడలు ఉన్నాయి. ఓడల గురించి కాదది. మా వీధి ఎప్పుడైనా సూసావా నువ్వు?"

చూడలేదన్నాను. ఆ వారంలోనే నన్ను తీసుకువెళ్ళారు. వన్ టౌన్‌లో హోల్‌సేల్ షాపులుండే ఇరుకు సందు. బస్తాలు దించుతున్న ట్రాలీల మధ్యనుంచి ఆవిడ అలవాటుగా పక్కకి ఒరిగి నడుస్తుంటే, నేను వెనక తడబడుతూ వెళ్ళాను. ఒక షాపు ముందు ఆగారు. లోపల తాళ్ళు తప్ప మరేమీ లేవు. చుట్టలు చుట్టలుగా కొబ్బరి తాళ్ళు, నైలాన్ తాళ్ళు, మణికట్టంత లావువి, పురికొసంత సన్నవి.

"వీళ్ళ తాత నుంచీ ఇదే యాపారం," అన్నారు. "పల్లెటూళ్ళో తాడు కొనాలంటే ఎక్కడికెళ్తావ్? ఉప్పూ పప్పూ కిరసనాయిలూ అమ్మే కొట్లోనే తాడూ దొరుకుతాది. ఇక్కడ ఒకడు తాళ్ళు ఒకటే అమ్ముకుని ఇల్లు గడుపుతున్నాడు. ఎందుకని?"

"కొనేవాళ్ళు ఎక్కువ కాబట్టి."

"అదీ మాట. పోర్టుంది, ఓడలున్నాయి, మర పడవలున్నాయి. సంత ఎంత పెద్దదైతే పని అంతగా చీలుతుంది. ఆ పుస్తకం రాసిన పెద్దాయన చెప్పింది అది. ఓడని ఉదాహరణగా తెచ్చాడు. మన మిషన్ ఉదాహరణకి కిరీటం పెట్టీసింది."

షాపాయన ఆవిడ పాత విద్యార్థిని భర్తట. మాకు సోడాలు తెప్పించాడు. సోడా తాగుతూ ఆవిడ తాళ్ళ చుట్టలకేసి అంత ఇష్టంగా చూడటం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. పుస్తకంలో చదివిన మాట ఎదురుగా వస్తువై కనపడితే ఆవిడ ముఖం అలా వెలిగేది.

ఇంకోసారి 'సహజ ధర' అంటే 'న్యాయమైన ధర' అని రాసింది మిషన్. ఆ ఒక్క మాట మీద ఆవిడ మా టీమ్ లీడర్‌తో అరపూట వాదించారు. మా టీమ్ లీడర్ కుర్రవాడే. కృష్ణా జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి స్థిరపడిన ఇంటివాడు. చాలా మర్యాదస్తుడు. "మేడమ్ గారూ, పిల్లలకి తేలిగ్గా అర్థమవుతుందండి ఆ మాట," అన్నాడు.

"చూడు బాబూ, తేలికైన అబద్ధం పిల్లలకి ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది," అన్నారు మేడమ్. "వేట నిషేధం అయిపోయి బోట్లన్నీ ఒక్కసారి వచ్చిన రోజున హార్బర్లో చేప ధర పడిపోతుంది. నాలుగు రోజులు వేట లేకపోతే మండిపోతుంది. ఈ ఎక్కడం దిగడం ఏ చోటు చుట్టూ తిరుగుతుందో దానికి ఆయన పెట్టిన పేరు అది. న్యాయం, అన్యాయం అని ఆయన ఇక్కడ అనలేదు. అనని మాట ఆయన నోట్లో పెట్టకూడదు."

అతను తల గోక్కుని మార్చాడు. అతనికి మేడమ్ అంటే విసుగూ ఉండేది, గౌరవమూ ఉండేది. పని ఆలస్యమవుతోందని పైవాళ్ళు అతన్ని తొందరపెట్టేవాళ్ళు. మేడమ్ మాత్రం ఒక్కో భావన దగ్గర, బియ్యంలో రాళ్ళేరుతున్నంత ఓపికగా కూర్చునేవారు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆవిడ పోయారన్నప్పటి నుంచీ నా మనసు తిరుగుతున్నది దాని చుట్టూనే.

మా నాన్న ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. ఇనుప కడ్డీని తిప్పుతూ చెక్కి కావలసిన ఆకారం తెచ్చే మిషన్ అది. కుర్రతనం నుంచీ ఒకే వర్క్‌షాపు. నీళ్ళ పంపుల్లో వేసే బుష్ అని ఒక చిన్న ఇనుప గొట్టం ముక్క ఉంటుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నాన్న చేస్తున్నది అదొక్కటే. ఇంట్లో నాన్న మాట్లాడడు. అడిగితే ఒకటి రెండు ముక్కలు. అది ఆయన స్వభావమనే అమ్మా నేనూ అనుకునేవాళ్ళం. ఆయన తెచ్చిన జీతంతోనే నేను ఎం.ఏ. దాకా చదివాను.

గ్రంథం చివరి భాగాల్లోంచి మిషన్ ఒక భావన తీసింది. 'ప్రజా విద్య: సామాన్యుల పిల్లల చదువుకు ప్రభుత్వం ఖర్చు చేయాలి.' నేను 'బాగుంది' అన్నాను. మేడమ్ 'సరిచేయాలి' అన్నారు. ఇద్దరం తేడాగా నొక్కితే కలిసి కూర్చుని తేల్చుకోవాలని మా ఆఫీసు నియమం. కూర్చున్నాం.

"ఇది మందు రాసింది, జబ్బు రాయలేదు," అన్నారు ఆవిడ. "చదువు ఎందుకు కావాలన్నాడో చదువు. పైకి చదువు."

చదివాను. దాని సారం ఇది. పనిని ముక్కలు ముక్కలుగా పంచితే సరుకు ఎక్కువ తయారవుతుందని గ్రంథం మొదట్లో అంతగా పొగిడిన మనిషే ఇక్కడికి వచ్చేసరికి వేరే సంగతి చెబుతాడు. బతుకంతా ఒకటీ రెండు చిన్న పనులే చేస్తూ పోయే మనిషి బుర్రకి పని ఉండదని, ఆలోచించే అలవాటు పోతుందని, చివరికి మొద్దుబారిపోతాడని. నలుగురిలో మాట్లాడటం కూడా చేతకాకుండా పోతుందని.

చదివి మౌస్ పక్కకి నెట్టేశాను.

"ఇది తప్పండి," అన్నాను.

"తప్పంటే? పుస్తకంలో లేదా?"

"ఉంది. కానీ నిజం కాదు. మా నాన్న అదే పని చేస్తాడు. మా నాన్న మొద్దు కాదు. ఇలాంటి మాట పిల్లలకి చెప్పక్కర్లేదు. మిషన్ వదిలేసిందే నయం."

నా గొంతు పెరిగినట్టుంది. టీమ్ లీడర్ తల తిప్పి చూశాడు. మేడమ్ కళ్ళద్దాలు తీసి గుండెల మీదికి వదిలేశారు.

"చూడమ్మా. నీ ముందు రెండు ప్రశ్నలున్నాయి. పుస్తకంలో ఉందా అన్నది ఒకటి. లోకంలో ఉందా అన్నది రెండోది. రెంటినీ కలిపేస్తే రెంటికీ జవాబు దొరకదు. ఆయన చెప్పాడా లేదా అన్నది ముందు ఒప్పుకో. తర్వాత ఆయనతో దెబ్బలాడు. చెప్పనే లేదని దాచేస్తే ఎవరితో దెబ్బలాడతావు?"

నేను స్క్రీన్ వైపు తిరిగాను. ఆవిడే, ఈసారి మెత్తగా, "ఆదివారం మీ ఇంటికి రానా? మీ నాన్నగారిని సూడాలనుంది," అన్నారు.

వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. కానీ ఆ రెండు రోజులూ భయంగానే ఉంది. మేడమ్ దాపరికం లేని మనిషి. ఆ పేరా నాన్న ముందు ఎక్కడ ఎత్తుతారోనని.

ఎత్తారు. ఆదివారం సాయంత్రం అమ్మ టీలూ జంతికలూ పెట్టింది. నాన్న లుంగీ మార్చుకుని, తల దువ్వుకుని, గోడవార స్టూలు మీద కూర్చున్నాడు. మేడమ్ ముందు ఆయన పని గురించి అడిగారు. నాన్న ముక్తసరిగా జవాబులిచ్చాడు. అప్పుడు ఆవిడ, "తమ్ముడూ, ఒక పాత పుస్తకంలో మీ పని గురించి ఒక మాట ఉంది. మీ అమ్మాయికి కోపం వచ్చింది. మీకూ రావచ్చు. సదవనా?" అన్నారు.

"సదవండి," అన్నాడు నాన్న.

ఆవిడ తెలుగు చేసి చెప్పారు. ఒక్క మాటా మెత్తబరచలేదు. నేను వంటింటి గుమ్మం దగ్గర నేలకేసి చూస్తూ నిలబడ్డాను.

నాన్న స్టూలు కొంచెం ముందుకి జరుపుకున్నాడు. తర్వాత, "మళ్ళీ ఒకసారి సెప్పండమ్మా," అన్నాడు. ఆవిడ మళ్ళీ చెప్పారు.

"రాసినాయన సూసే రాసినట్టున్నాడు," అన్నాడు నాన్న. "నాను పనిలోకి ఎల్లిన కొత్తల్లో ఇలా కాదండి. బోటు ఇంజన్ల సామాన్లు వచ్చీవి. ఒకటి విరిగిపోయి వస్తాది, ఇంకోటి అరిగిపోయి వస్తాది. ఏది ఎలా సెయ్యాలో ముందు బుర్రలో గీసుకోవాలి. ఇంటికొచ్చి ఈళ్ళమ్మకి సెప్పీవోణ్ణి, ఇయ్యాల పలానాది సేసానని. తర్వాత పెద్ద ఆర్డరు వచ్చింది. ఓనరు పని పంచీసాడు. నాకు బుష్ వచ్చింది. అప్పట్నుంచి పొద్దున్న మిషన్ ఆన్ సేత్తే సాయంత్రం ఆపిందాకా ఏటైందో నాకు గుర్తుండదు. ఇంటికొత్తాను. పిల్ల ఏదో అడుగుతాది. జవాబు సెప్పాలనే ఉంటాది. మాట దొరకదు."

అమ్మ చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. నేను తల ఎత్తలేకపోయాను. అంతవరకూ నాన్నది మౌనమనుకున్నాను. మాట కోసం ఆయన వెతుక్కుంటున్నాడని ఎప్పుడూ అనుకోలేదు.

"అయితే అమ్మా, ఆ మొద్దు అన్న మాట ఒకటి తీసీయండి," అన్నాడు నాన్న. "మొద్దుకి నెప్పి తెలవదు. నాకు తెలుస్తాది."

మేడమ్ కళ్ళు తుడుచుకోలేదు గానీ తడి కనపడింది. ఆవిడ స్థానంలో ఇంకెవరున్నా సరే తీసేస్తామని మాట ఇచ్చేవారు. ఆవిడ ఇవ్వలేదు.

"తీసెయ్యలేను తమ్ముడూ. అది ఆయన రాసిన మాట. ఆయన దూరం నుంచి చూసి రాశాడు. దగ్గర కూర్చుని అడిగి ఉంటే మీరు చెప్పింది రాసేవాడేమో. కానీ అడగలేదు. మీరు చెప్పిన మాట నేను పక్కన రాస్తాను. ఇది పుస్తకంలోది కాదు అని చెప్పి మరీ రాస్తాను."

నాన్న తల ఊపాడు. ఆ రోజు ఆయన మేడమ్‌ని ఆటో దాకా దిగబెట్టి వచ్చాడు. చుట్టాలు వచ్చినా అలా వెళ్ళడు.

సోమవారం ఇద్దరం కలిసి ఆ భావనను తిరగరాశాం. మొదట జబ్బు, తర్వాత మందు. నేను 'మొద్దుబారడం' అన్న మాట నా చేత్తోనే టైప్ చేశాను. వేళ్ళు ఆగాయి, కానీ చేశాను. కింద వ్యాఖ్యల గడిలో మేడమ్ నాన్న మాట రాశారు, ఆటోనగర్ కార్మికుడొకరు ఇలా అన్నారు అని. సాయంత్రానికి టీమ్ లీడర్ అది తీసేశాడు. నాకు మండిపోయింది. మేడమ్‌కి కోపం రాలేదు.

"అతను చేసింది సరైందే. పుస్తకంలో లేనిది అక్కడ ఉండకూడదు. నేనే ఆశపడ్డాను," అన్నారు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, "నువ్వు ఎప్పుడైనా రాయి. నీ పేరు పెట్టుకుని రాయి," అన్నారు.

ఆ తర్వాత ఆవిడకీ నాన్నకీ ఒక స్నేహం కుదిరింది. చెబితే మీకు నవ్వొస్తుంది, ఆ స్నేహమంతా ఫోన్లోనే. ఆదివారాలు నాన్న భోంచేసి మంచం మీద కూర్చుంటే ఆవిడ ఫోన్ వచ్చేది. బుష్ లోపలి గరుకు వేలితో తడిమి చెప్పగలరా, ఇనుము వేడెక్కితే రంగు ఎలా మారుతుంది, ఇలాంటివి అడిగేవారు. నాన్న చెబుతూ ఉండేవాడు. మాతో మాట్లాడని మనిషి ఆవిడతో అంతసేపు మాట్లాడుతుంటే అమ్మ నావైపు చూసేది, నేను అమ్మవైపు చూసేదాన్ని. నాకు కొంచెం అసూయగా కూడా ఉండేది. ఒక రోజు ఫోన్ పెట్టేశాక నాన్న, ఎవరూ అడక్కుండానే, "ఇయ్యాల కొత్త రకం ఇనుము వచ్చింది, సెక్కితే ముక్క ముక్కగా ఊడతాది," అన్నాడు అమ్మతో. అమ్మ వెంటనే "అలాగా" అంది. ఆ "అలాగా" ఎంత జాగ్రత్తగా అందో నాకు తెలుసు.

మా పని ఎక్కువ కాలం సాగలేదు. మిషన్ తీసిన భావనలను ఇంకో మిషనే చూస్తుందని, మనుషులు ఇక అక్కర్లేదని కంపెనీ నుంచి కబురొచ్చింది. టీమ్ లీడర్ చెప్పలేక చెప్పాడు. మేడమ్ నవ్వారు.

"ఇద్దరూ ఒకే బళ్ళో సదివిన పిల్లలు కదా. ఒకడి తప్పు ఇంకోడికి తప్పులా కనపడతాదా?" అన్నారు. తర్వాత, "పోనీలే బాబూ, నువ్వేం చేస్తావు," అని అతన్నే ఓదార్చారు. సంచీ భుజాన వేసుకుని, ఎప్పటిలాగే బస్సులో వన్ టౌన్ వెళ్ళిపోయారు. మిగతావాళ్ళం ఉన్న ఆఖరి వారమంతా ఆవిడ కుర్చీని ఎవరూ కదపలేదు.

కిందటి వానాకాలంలో ఆవిడకి ఆయాసం మొదలైంది. నాలుగు మెట్లు ఎక్కితే ఆగిపోయేవారు. పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు దుమ్మని ఒకరు, వయసని ఒకరు అన్నారు. ఆవిడ మాత్రం, "పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఇది దానివల్ల అనీసుకోకూడదు. డాక్టరు సెప్పనీ," అనేవారు, ఊపిరి అందకపోయినా. హాస్పిటల్లో ఉండి వచ్చాక ఎక్కువగా మంచం మీదే.

నేను చివరిసారి చూసింది ఆ ఇంట్లోనే. కిటికీ పక్క మంచం, ఒళ్ళో ఆ రోజు పేపరు. నన్ను చూడగానే పేపర్లో ఒక మాట మీద వేలు పెట్టారు. ఎవరో పెద్దమనిషి ఉపన్యాసంలోంచి తీసి పెద్ద అక్షరాలతో వేశారు, అభివృద్ధి గురించి.

"దీనికి తల్లి ఏదీ?" అన్నారు. "వాక్యం ఒక్కటే ఏసారు. ముందేటన్నాడో, వెనకేటన్నాడో. అనాథ పిల్లని తెచ్చి నిలబెట్టీసారు."

మాట మాటకీ ఆయాసం. మాట్లాడొద్దన్నాను. మాట్లాడకపోతే ఇంకేం మిగిలిందన్నారు. నా కోచింగ్ సెంటర్ పిల్లల గురించి అడిగారు. ఏ పాఠం చెబుతున్నావు, ఎలా మొదలుపెట్టావు, ఎవరైనా ఎదురు ప్రశ్న వేశారా అని. ఎవరూ వేయలేదన్నాను. "అయితే నువ్వు మరీ నున్నగా సెప్పేత్తన్నావు," అన్నారు. ఇప్పుడు క్లాసులో పిల్లలు నిశ్శబ్దంగా రాసుకుంటున్నప్పుడల్లా ఆ మాట వినపడి, బోర్డు దగ్గర ఆగిపోతాను. ఎవరైనా చెయ్యెత్తితే బాగుండునని ఎదురు చూస్తాను.

లేచి వస్తుంటే, "నాన్నగారు మాట్లాడుతున్నారా ఇంట్లో?" అని అడిగారు. కొంచెం కొంచెం అన్నాను. "కొంచెం అంటే?" అన్నారు. ఆవిడ ఎప్పుడూ అంతే. కొంచెం అన్న మాటని కూడా వదిలేవారు కాదు. మళ్ళీ వచ్చినప్పుడు చెబుతానన్నాను.

ఫోన్ వచ్చిన రోజు నాన్నకి చెప్పాను. ఆయన అప్పటికే వర్క్‌షాపులో ఉన్నాడు. మిషన్ మోతలో వినపడక రెండుసార్లు అడిగాడు. విని, "ఉండు, వత్తన్నాను," అన్నాడు. జ్వరం వచ్చినా పని మానని మనిషి ఆ పూట పని ఆపేసి, చేతులు కడుక్కుని, గోళ్ళలో నలుపుతోనే వచ్చాడు.

వన్ టౌన్‌లో వాళ్ళ సందులోకి ఆటో పోలేదు. దిగి నడిచాం. మామూలుగా పక్కకి తప్పుకోకపోతే తోసుకుపోయే ట్రాలీల వాళ్ళు ఆ పూట సందు మొదట్లోనే బళ్ళు ఆపేసుకుని నిలబడ్డారు. ఇంటి ముందు నడివయసు ఆడవాళ్ళు చాలామంది, ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు. ఒకరితో ఒకరు గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. ఇద్దరు ఏదో విషయం మీద మెల్లగా వాదించుకుంటున్నారు కూడా. ఆవిడ ఉంటే మధ్యలో కూర్చునేవారు.

మా టీమ్ లీడర్ కూడా వచ్చాడు. ఇప్పుడు వేరే ఉద్యోగం చేస్తున్నాడట. నా దగ్గరికి వచ్చి, "ఆ వ్యాఖ్య నేను తీసేశాను కదండీ, మీ నాన్నగారిది. నాకు మాత్రం గుర్తుండిపోయింది," అని, నా పక్కనున్నది నాన్నేనని తెలియక, ఆ మాట యథాతథంగా అప్పజెప్పాడు. నాన్న విన్నాడు.

చెల్లెలు మమ్మల్ని చూసి ఏడ్చింది. "మీ ఫోన్ రోజున పొద్దున్నించీ హుషారుగా ఉండీదండి అక్క. ఏటడగాలో ముందే అనుకునీది," అంది నాన్నతో. నాన్న చేతులు జోడించాడు. "నాను పెద్దగా సదూకోలేదమ్మా. నన్ను కూకోబెట్టి అడిగిన మనిషి ఆవిడొక్కతే," అన్నాడు.

శ్మశానంలో చితికి చెల్లెలే నిప్పు పెట్టింది. ఎవరూ కాదనలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆటో వద్దన్నాడు నాన్న. పోర్టు రోడ్డు వైపు నడిచాం. ఎండ వాలుతోంది. నాన్న నాకంటే ఒక అడుగు ముందు నడుస్తూ, ఉన్నట్టుండి ఆగాడు.

"అవునే, ఆ పుస్తకం రాసినాయన," అన్నాడు. "ఆయన ఎప్పుడైనా సేత్తో ఏదైనా సేసాడా? బల్ల గానీ, పీట గానీ, ఏదో ఒకటి?"

నాకు తెలియదు. అంత లావు గ్రంథం నెలల తరబడి చదివాను, ఆ సంగతి ఎప్పుడూ అనుకోలేదు. మేడమ్‌ని అడిగి చెబుతాను అనబోయాను. మాట పెదాల దాకా వచ్చాక గుర్తొచ్చింది.

అంతలో రైలు గేటు పడింది. ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్స్ పోర్టులోకి నెమ్మదిగా వస్తోంది. ఒక వ్యాగను, దాని వెనక ఇంకొకటి, ఎర్రటి దుమ్ము రేపుకుంటూ. నాన్న గేటు కడ్డీ పట్టుకుని నావైపు తిరిగి ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. చక్రాల మోతలో ఒక్క ముక్కా వినపడటం లేదు. చేతులతో ఏదో ఆకారం చూపిస్తున్నాడు, వేళ్ళు కలిపి, విడదీసి. రైలు చాలా పొడుగ్గా ఉంది. నేను ఆయన పెదాల వైపే చూస్తూ తల ఊపుతూ నిలబడ్డాను.